నాలుగో పొర

నూజివీడు,
24 జూన్ 1986

చిరంజీవి కల్యాణికి అన్నయ్య ఆశీస్సులు.

అందరం క్షేమం అని మొదలుపెడదామని కలం తీశాను గానీ చెయ్యి రావట్లేదు. ఒంటికేం రోగం లేదు, కడుపు మండిపోతోంది.

హనుమాన్ జంక్షన్ మిఠాయి కొట్టు వీరయ్య మన మామిడి తాండ్ర పెట్టెలు పదకొండూ తిప్పి పంపేశాడు. పెళ్లివాళ్లకని కంగారుపెట్టి మరీ పట్టుకెళ్లాడా, తీరా ముక్క కోస్తే అంచున పచ్చటి బూజంట! పెళ్లిపెద్ద ఆ ముక్క వీరయ్య మొహాన కొట్టాడంట. వీరయ్య ఊరుకుంటాడా? పెట్టెలు మన కొట్టు ముందు దింపించి, నలుగురూ చూస్తుండగా మూతలు తీయించాడు. నాన్నగారి నాటి నుంచీ మన రసాల తాండ్రకి మాట పడలేదు. నా హయాంలో పడింది.

చేయించింది కనకమ్మే. ముప్పై ఏళ్లుగా ఆ పని ఆమె చేతిలోనే ఉంది, నీకు తెలియంది కాదు. ఏంటిది కనకమ్మా అనడిగితే "మీకే తెలియాలి బాబూ" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాటకి ఇంకా ఒళ్లు మండింది.

నువ్వు యూనివర్సిటీలో తిండి శాస్త్రం చెప్పే లెక్చరర్‌వి కదా. నిన్ను చదివించడానికి నేను నాన్నగారితో ఏడాదిపాటు మాట్లాడకుండా ఉన్నాను. ఆ చదువుతో ఎవరికేం ఒరిగిందో ఇప్పుడు చూపించు. బూజు పట్టిన ముక్కలు రెండు ఈ పార్సెల్లో పంపుతున్నాను. ఎందుకు పట్టిందో తేల్చి రాయి. వేరే కబుర్లు రాయొద్దు.

మీ వదిన శారద మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి.

నీ అన్నయ్య,
పాండురంగారావు

—

హైదరాబాదు,
1 జూలై 1986

అన్నయ్యకి, వదినకి కల్యాణి నమస్కారాలు.

వేరే కబుర్లు రాయొద్దన్నావు కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. నీకే కాదు, నాకూ కడుపు ఉంది, అదీ మండుతుంది.

మార్చిలో నీకేం రాశానో గుర్తుందా? మే నెలలో ఎనిమిది రోజులు నా క్లాసు పిల్లల్ని తీసుకొస్తాను, కొట్టు వెనక పందిట్లో కూర్చుని తాండ్ర పని నేర్చుకుంటారు అని. "సీజన్లో ముప్పై ఆరుమందికి ఎవరు వండుతారు" అన్నావు. ఇక్కడ మా హెడ్డు ప్రభాకరరావు గారినడిగితే "కాలేజీ డబ్బుతో మామిడిపళ్లు తినడానికి యాత్రా?" అన్నారు. మీరిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు గానీ, కవలపిల్లల్లా మాట్లాడారు.

ఇక్కడ మామిడిపండు లేకుండా మామిడిపండు గురించి పాఠం చెప్తాం అన్నయ్యా. నల్లబల్ల, సుద్దముక్క, నోట్సు. నేను చెప్తుంటే వాళ్లు రాసుకుంటారు. ఆ నోట్సు మా మేష్టారు నాకు చెప్పింది. ఆయనకి ఎవరు చెప్పారో దేవుడికి తెలియాలి. ప్రశ్న అడిగితే సిలబస్ పూర్తవదు. బూజు గురించి పేజీన్నర ఉంది. బూజు పట్టిన వస్తువు క్లాసులోకి వచ్చింది మాత్రం నిన్నే, నీ పార్సెల్లో.

అందుకని ఆ ముక్కలే ఈసారి ప్రాక్టికల్ పరీక్ష. ముప్పై ఆరుగురూ చూసి కారణం రాయాలి. తేలగానే రాస్తాను. ఈలోపల కనకమ్మ మీద అరవకు. "మీకే తెలియాలి" అందంటే ఊరికే అనదు.

వెక్కిరింపులు భరించే చెల్లెలు,
కల్యాణి

—

హైదరాబాదు,
12 జూలై 1986

అన్నయ్యకి,

రిపోర్టు జత చేశాను. కాలేజీ ముద్ర ఉంది, చూసుకో. ఇంగ్లీషు కాబట్టి సారాంశం నేనే తెలుగులో రాస్తున్నాను: "ఎండబెట్టిన పండ్ల పదార్థాలకు బూజు పట్టడానికి ముఖ్య కారణం పనివారి అపరిశుభ్రమైన చేతులు."

ముప్పై ఆరుగురూ ఒకే మాట రాశారు. అందరికీ మంచి మార్కులే వచ్చాయి. ప్రభాకరరావు గారు నా భుజం తట్టినంత పని చేశారు, ఆరేళ్లలో ఇదే మొదలు. ఇక నా చదువు ఎందుకూ కొరగాదని అనవుగా?

బస్సుకి టైమైంది. వదినకి నువ్వుల నూనె మర్దనా చేయించు.

కల్యాణి

—

నూజివీడు,
17 జూలై 1986

చిరంజీవి కల్యాణికి ఆశీస్సులు.

భేష్! చదువంటే ఇదీ. నేను నెలరోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నది నీ పిల్లలు ముక్క చూసి చెప్పేశారు. ఆ రిపోర్టు అద్దం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాను. వీరయ్యని పిలిపించి నీ తెలుగు సారాంశం చదివించాను.

కనకమ్మని పనిలోంచి తీసేశాను. పందిట్లో ఆడవాళ్లందరూ ఉండగానే చెప్పాను, తక్కినవాళ్లకీ భయం ఉండాలని. "యూనివర్సిటీ వాళ్లు రాశారు, నీ చేతులు మురికివంట, నీవల్లే బూజు పట్టిందంట" అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నా, ఏడవలేదు. రెండు చేతులూ ముందుకి చాచి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కల్యాణమ్మే రాసిందా?" అనడిగింది. అవునన్నాను. కొంగు దోపుకుని వెళ్లిపోయింది. బాపులపాడులో కూతురు కృష్ణవేణి దగ్గరికి పోయిందంట, నాట్లకి వెళ్తోందంట.

శారద రెండు రోజుల్నుంచి నాతో మాట్లాడటం లేదు. ఆడవాళ్లకి వ్యాపారం అర్థం కాదులే. నువ్వు మాత్రం దీర్ఘాయుష్షుతో వర్ధిల్లు.

నీ అన్నయ్య

—

హైదరాబాదు,
21 జూలై 1986

అన్నయ్యా,

నీకసలు బుద్ధుందా? పెద్దవాడివని కూడా చూడకుండా అంటున్నాను, తర్వాత కావాలంటే లెంపలేసుకుంటాను.

కనకమ్మని తీసెయ్యమని నేనెప్పుడు చెప్పాను? మహా అయితే పందిట్లో ఇంకో గోలెం నీళ్లు, ఓ సబ్బుబిళ్ల పెట్టిస్తావనుకున్నాను. అమ్మ పోయాక నాకు జడలు వేసిందెవరు? నేను పరీక్ష తప్పితే "పోతే పోయింది, చాప పాడైతే ఇంకో చాప" అని ఎత్తుకున్నదెవరు? ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టి, నా పేరు చెప్పి, చేతులు మురికివంటావా?

అద్దం కట్టించావా! ముందు దాన్ని గోడ మీంచి తియ్యి. బాపులపాడు వెళ్లి ఆమెని తీసుకురా. తెచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు.

కల్యాణి

—

నూజివీడు,
26 జూలై 1986

కల్యాణికి,

రాయకు అంటే ఊరుకుంటాననుకున్నావా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

కారణం తేల్చమన్నది నేను. తేల్చింది నువ్వు. ముద్ర కొట్టింది మీ కాలేజీ. "పనివారి చేతులు" అని తెలుగులో, నీ సొంత దస్తూరీతో రాసింది ఎవరు? మా ఇంట్లో తాండ్ర పనివారెవరో నీకు తెలియదా? తుపాకీ నువ్వు పేల్చి, మోత నేను చేశానంటావేంటి?

ఇప్పుడు జడల కబుర్లు, అమ్మ కబుర్లు చెప్పి, తప్పు చేసిన మనిషిని తెచ్చి పెట్టుకోమంటున్నావు. నీకు కనకమ్మ మీద జాలి. ఆ జాలి కోసం శాస్త్రాన్ని కూడా తిరగరాస్తావు. నాకు ఊళ్లో కొట్టుంది, తలెత్తుకు తిరగాలి. ఇవాళ తీసేసి రేపు బతిమాలితే వీరయ్య చప్పట్లు కొట్టి మరీ నవ్వుతాడు.

అద్దం తియ్యను.

పాండురంగారావు

—

హైదరాబాదు,
31 జూలై 1986

అన్నయ్యా,

చదువు. కోపం వచ్చినా మధ్యలో చించకుండా చివరిదాకా చదువు.

నువ్వన్నది నిజమే. తుపాకీ నాదే. అది ఎంత గుడ్డిగా పేలిందో మొన్న సోమవారం తెలిసింది.

క్లాసులో రాధ అని ఒక పిల్ల ఉంది, మన జి. కొండూరు నుంచి వచ్చింది. పరీక్షలో అందరిలాగే రాసింది, మార్కులూ తెచ్చుకుంది. సోమవారం లాబ్‌లో మిగిలిన ముక్క తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "మేడం, చేతులు తగిలేది పైన కదా, బూజు లోపలెందుకుంది?" అంది. ఏదీ అన్నాను. గోటితో పొరలు ఒక్కొక్కటే విడదీసింది. పది పొరలు. పైన శుభ్రంగా ఉంది, అడుగున శుభ్రంగా ఉంది. మూడో పొరకీ నాలుగో పొరకీ మధ్య మాత్రం పచ్చగా, అప్పడం అంత వెడల్పున పరుచుకుంది. అంచున కనపడింది దాని కొసే.

"మరి పరీక్షలో అట్లా ఎందుకు రాశావే?" అన్నాను. "నోట్సులో అదే ఉంది కదండీ" అంది. ముప్పై ఆరుమందీ ముక్కని చూసి రాయలేదు అన్నయ్యా. నా నోట్సు చూసి రాశారు. నేనూ ముక్కని చూడలేదు. జవాబు నోట్సుతో సరిపోయిందా లేదా అని చూసి మార్కులేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు నోట్సు పక్కన పడేశాను. కనకమ్మ ఏం చేసేదో గుర్తు తెచ్చుకున్నాను. ఎండలోంచి చాపని నీడకి లాగి, కాసేపాగి, చెయ్యి వెనక్కి తిప్పి తాండ్రకి ఆనించేది. "చల్లగా తగిలితే పచ్చి, తగలకపోతే పొయ్యొచ్చు" అనేది. ఎందుకు చల్లగా ఉంటుందని క్లాసుని అడిగాను. రెండు గుడ్డలు తెప్పించాను, ఒకటి తడిది, ఒకటి పొడిది. కళ్లకి గంతలు కట్టి చెయ్యి వెనక్కి తిప్పి ఆనించమన్నాను. తర్వాత చూడాలి గోల! తడి ఆరుతూ వేడిని లాగేసుకుంటుందని ఒకడు, అందుకే కుండలో నీళ్లు చల్లబడతాయని ఇంకొకడు, అయితే అరచేతి కంటే చెయ్యి వెనకే ఎందుకని రాధ. గంట కొట్టినా లేవలేదు. ఆరేళ్లుగా పాఠం చెప్తున్నాననుకున్నాను, చెప్పింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు నా ప్రశ్న. లోపలి పొర పచ్చిగా ఉండగా పైన రసం పోస్తేనే ఇట్లా మధ్యలో బూజు పడుతుంది. కనకమ్మ చెయ్యి ఆనించకుండా ఏనాడూ పోయదు. మరి నాలుగో పొర ఏ రోజు పోశారు? పొయ్యమన్నది ఎవరు?

వదినకి తెలిసే ఉంటుంది. అందుకే నీతో మాట్లాడటం లేదు.

కల్యాణి

—

నూజివీడు,
6 ఆగస్టు 1986

కల్యాణికి,

పోలీసువా నువ్వు? ఏ రోజు, ఎవరు, ఎప్పుడు అంటూ నన్ను బోనులో నిలబెడతావా?

అవును. నేనే పొయ్యమన్నాను. అయితే ఏంటి? కొట్టు నాది, తాండ్ర నాది. వీరయ్య మనిషి గుమ్మంలో కూర్చున్నాడు, పెళ్లి దగ్గర పడిందని నస పెడుతున్నాడు. పడమట మబ్బు పట్టింది. ఆమె "ఇంకా చల్లగా ఉంది బాబూ, రేపు పోద్దాం" అంది. పైన ఇంకా ఆరు పొరలు పడాలి, రేపంటే సరుకు అందదు. పొయ్యి అన్నాను. పోసింది. ఇంకో మాట కూడా అన్నాను. అదేంటో నీకనవసరం.

మరి నీ రిపోర్టు వచ్చాక నాకేం అనిపించిందో చెప్పనా? గుండెల మీంచి బండ దించినట్టయింది. నా తప్పు కాదని యూనివర్సిటీ చెప్పింది, నమ్మేశాను. నమ్మాలనుంది కాబట్టి నమ్మాను. అంతా తెలిసీ నువ్వు ఆ కాగితం పంపావు. పంపకుండా ఉంటే నేను ఈ గోతిలో పడేవాణ్నా?

ఇప్పుడు బాపులపాడు పొలాల్లోకి వెళ్లి, నాట్లేసే ఆడవాళ్ల మధ్య నిలబడి, కనకమ్మా తప్పైంది అనమంటావా? నావల్ల కాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది, పడింది పడింది. వచ్చే వేసవికి చూద్దాం.

పాండురంగారావు

—

హైదరాబాదు,
12 ఆగస్టు 1986

అన్నయ్యా,

"అంతా తెలిసీ" అని రాశావు. తెలిసి పంపలేదు. తెలుసుననుకుని పంపాను, అది ఇంకా పెద్ద తప్పు.

నేనేం చేశానో విను. శుక్రవారం క్లాసులో బూజు పాఠం ఉన్న పేజీన్నర ముప్పై ఆరుగురి చేతా కొట్టేయించాను. ఇది తప్పు, మీకు తప్పు చెప్పాను, తప్పు రాసినందుకు మార్కులేశాను, దానివల్ల నన్ను పెంచిన ఒక మనిషి పని పోయింది, పరువు పోయింది అని చెప్పాను. వెనక బెంచీలో ఎవడో నవ్వాడు కూడా. సాయంత్రానికి ప్రభాకరరావు గారు మెమో ఇచ్చారు, లెక్చరరు తప్పు ఒప్పుకుంటే డిపార్ట్‌మెంటు పరువేం కావాలని. ఆయన మాట వినగానే నువ్వే గుర్తొచ్చావు.

ఇంకోటి కూడా అడిగాను. కనకమ్మని పిలిపించి పాఠం చెప్పిస్తానన్నాను. "అక్షరం ముక్క రాని మనిషికి నా క్లాసులో కుర్చీ వెయ్యను" అన్నారు. "కుర్చీ వద్దండీ, వరండాలో చాప వేస్తాను, చాప మీదే ఆమెకి పని" అన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూద్దాం.

నేను ముప్పై ఆరుమంది ముందు చెప్పాను. నువ్వు ఒక్క మనిషి ముందు చెప్పలేవా? నాన్నగారితో ఏడాదిపాటు మాట్లాడకుండా ఉన్న పాండురంగారావు ఎక్కడికి పోయాడు? ఆ అన్నయ్యకే ఈ ఉత్తరం రాస్తున్నాను. అద్దం కట్టించుకున్న షావుకారుకి కాదు.

ఇక నా దగ్గర మాటల్లేవు.

కల్యాణి

—

నూజివీడు,
20 ఆగస్టు 1986

కల్యాణికి అన్నయ్య ఆశీస్సులు.

నిన్న బాపులపాడు వెళ్లాను. శారద కూడా వచ్చింది, మోకాళ్ల నొప్పులతోనే. కనకమ్మ నాట్లేసి వచ్చి బురద కాళ్లు కడుక్కుంటోంది. శారదకి పీట వేసింది. నాకు వెయ్యలేదు. నిలబడే, నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. విన్నాక "కాగితం ఉందా బాబూ? కల్యాణమ్మకి నేను చెప్తాను, చెప్పింది చెప్పినట్టు రాయండి" అంది. కృష్ణవేణి పిల్లల పలక ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి రాశాను. ఇదిగో, దించి రాస్తున్నాను, ఆమె మాటలే:

"కల్యాణమ్మా, మీ పిల్లలు ముప్పై ఆరుమంది నా చేతులు మురికివని రాశారంట. ఒక్కళ్లన్నా నా చేతులు చూశారా? చూడకుండా ఒకళ్ల మీద రాస్తే మా ఊళ్లో దాన్ని చాడీ అంటారు. చదువనరు. తప్పైందని మీరు క్లాసులో చెప్పారంట, మంచిదే. దానికి కనకమ్మ సంతోషపడిందని రాయకండి బాబూ. నాకింకా కోపంగానే ఉంది, అదీ రాయండి.

"నేను వస్తాను. మామిడి ఇప్పుడెక్కడుంటుంది, తాటిపళ్లు తెస్తాను. పీచు లోంచి గుజ్జు పిసికేది వాళ్లే, నేను పిసకను. ముసురులో తాండ్ర ఎట్లా ఎండుద్దని మీ పెద్దాయన అంటాడేమో. ఎండకూడదు. ఎండనిది ఎట్లా ఉంటదో వాళ్లు చెయ్యి ఆనించి చూడాలి. తొందరపడి రెండో పొర వాళ్లే పొయ్యాలి, బూజు వాళ్లే పట్టించుకోవాలి. పాడు చేసుకున్నోళ్లకే తెలుస్తది. నేను పనిలో చేరినప్పుడు మీ నాన్నగారు నా చేత మూడు చాపలు పాడు చేయించారు. దూరంగా కూర్చుని చూశారే గానీ ఒక్క మాట అనలేదు. నాలుగో చాపకి నాకు పని వచ్చింది. అంతకంటే నాకు పాఠం చెప్పడం తెలియదు. అది పనికొస్తదంటేనే పిలవండి.

"మీ అన్నగారు పనిలోకి రమ్మంటున్నారు. రానూ అనలేదు, వస్తాననీ అనలేదు."

ఇంతే చెప్పింది. రాసింది చదివి వినిపించాను. అంతా విని "ఒకటి వదిలేశారు" అంది. నువ్వు చెప్పిందంతా రాశాను కదా కనకమ్మా అన్నాను. "నేను చెప్పింది కాదు బాబూ, ఆ రోజు మీరు చెప్పింది. నాలుగో పొర పోసేటప్పుడు నన్నేమన్నారో అది రాయలేదు" అంది. అది నువ్వు చెప్పు, రాస్తానన్నాను. "నా నోటితో చెప్పను. మీరే రాయండి" అని లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించుకుంది.

అక్కడ రాయలేకపోయాను. ఇంటికొచ్చి, గోడ మీద అద్దం దించి, ఆ రిపోర్టు వెనకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటు తిప్పి చూడు, ముద్ర కనపడుతుంది.

ఆ రోజు ఆమె చెయ్యి ఆనించి ఇంకా చల్లగా ఉంది బాబూ అంటే, వీరయ్య మనిషి ముందు, పందిట్లో పదిమంది ముందు, నేను నవ్వుతూ అన్నాను: "చల్లబడింది తాండ్ర కాదు కనకమ్మా, నీ చెయ్యి. ముసలిదానివైపోయావు. రసం పొయ్యి."

వచ్చే శుక్రవారం నేనూ కనకమ్మా పొద్దున బస్సుకి దిగుతాం. వరండాలో చాప వేయించు. ముందు నేను మాట్లాడాలి, తర్వాత ఆమె.

నీ అన్నయ్య,
పాండురంగారావు